మీ కంపెనీ విలీనమవుతోందా? ఓటు నుంచి ఆర్బిట్రేజ్ దాకా చిన్న వాటాదారుకు దారి

మీ దగ్గర షేర్లున్న కంపెనీ మరో కంపెనీలో కలిసిపోతోందని వార్త వచ్చిన రోజు అందరూ రెండే ప్రశ్నలు అడుగుతారు. మన షేర్లకు బదులు ఎన్ని ఇస్తారు? ఇప్పుడు ఇంకొన్ని కొంటే లాభం ఉంటుందా? రెండూ అడగాల్సినవే. కానీ జవాబు దొరకాలంటే ముందు తేదీలు తెలియాలి. విలీనంలో చిన్న వాటాదారుకున్న ప్రతి హక్కుకూ ఒక గడువుంది. అది దాటితే హక్కు కాగితానికే పరిమితం. ఆర్బిట్రేజ్, అంటే ఒకే విలువకు రెండు ధరలున్నప్పుడు ఆ తేడాను లాభంగా తీసుకోవడం, చేసేవాళ్లు లాభం లెక్కగట్టేదీ ఆ తేదీల మీదే. అందుకే ఓటునూ ఆర్బిట్రేజ్‌నూ ఒకే క్యాలెండర్ మీద పెట్టి చెబుతున్నాను. ఉదాహరణలు వీలైనంతవరకు మన చెన్నైవే తీసుకున్నాను.

మొదటి అడుగు: ఏ చట్టం కిందో తేల్చుకోండి

సాధారణ కంపెనీల విలీనం 2013 కంపెనీల చట్టంలోని 230 నుంచి 232 సెక్షన్ల కింద, నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ ఆమోదంతో జరుగుతుంది. కేసు ఏ బెంచికి వెళ్తుందన్నది కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసును బట్టి ఉంటుంది, మీరుండే ఊరిని బట్టి కాదు. ఫ్యాక్టరీ శ్రీపెరంబుదూరులో ఉన్నా రిజిస్టర్డ్ ఆఫీసు ముంబైలో ఉంటే ముంబై బెంచే చూస్తుంది. ఐడీఎఫ్‌సీ, ఐడీఎఫ్‌సీ ఫస్ట్ బ్యాంకు రెండింటి రిజిస్టర్డ్ ఆఫీసులూ చెన్నైలోనే ఉండటంతో వాటి విలీనం రాజాజీ సాలైలోని చెన్నై బెంచి ముందుకొచ్చింది. 2023 జూలై 3న ప్రకటించారు. 2024 మేలో వాటాదారులు ఓటేశారు. సెప్టెంబరులో ట్రిబ్యునల్ ఒప్పుకుంది, అక్టోబరు 1న అమల్లోకి వచ్చింది, అక్టోబరు 10 రికార్డ్ డేట్, అంటే ఆ రోజు ఖాతాలో ఉన్న షేర్లకే కొత్తవి వస్తాయి. 100 ఐడీఎఫ్‌సీ షేర్లకు 155 బ్యాంకు షేర్లు ఇచ్చారు. మొత్తం పదిహేను నెలలు పట్టింది. ఈ పదిహేను నెలలన్న మాట గుర్తుంచుకోండి, ఆర్బిట్రేజ్ లెక్కలో మళ్లీ పనికొస్తుంది.

రెండు ప్రైవేటు బ్యాంకులు కలిస్తే బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 44ఏ సెక్షన్ వర్తిస్తుంది. 2015లో బెంగళూరు కేంద్రంగా ఉన్న ఐఎన్‌జీ వైశ్యా బ్యాంకు, 1,000 షేర్లకు 725 చొప్పున కోటక్ మహీంద్రాలో కలిసింది ఈ దారిలోనే. ఇందులో ఒక అరుదైన హక్కుంది. మీటింగులో వ్యతిరేకంగా ఓటేసినవాళ్లు, లేదా ముందే రాతపూర్వకంగా అసమ్మతి తెలిపినవాళ్లు, రిజర్వు బ్యాంకు నిర్ణయించిన విలువ తమకు చెల్లించమని అడగొచ్చు. మామూలు కంపెనీల విలీనంలో ఈ హక్కు మనకు లేదు. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో అసమ్మతి వాటాదారులు కోర్టుకెళ్లి న్యాయమైన ధర తేల్చమనగలరు, దాన్నే వ్యాపారంగా చేసుకున్న ఫండ్లూ ఉన్నాయి. ఆ కథలు చదివి ఇక్కడా అలాగే అడగొచ్చనుకుంటే నష్టపోతారు.

ప్రభుత్వ బ్యాంకుల విలీనాన్ని కేంద్రమే స్కీమ్‌గా నోటిఫై చేస్తుంది. మన ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది. 1,000 షేర్లకు 325 వచ్చాయి. ఆ స్కీమ్ మీద ట్రిబ్యునల్ ముందు వాటాదారుల ఓటంటూ ఏమీ లేదు. ఇక మునిగిపోతున్న బ్యాంకును అదే బ్యాంకింగ్ నియంత్రణ చట్టంలోని 45వ సెక్షన్ కింద కాపాడినప్పుడు వాటాదారుల గోడు వినేవాళ్లే ఉండరు. చెన్నై కేంద్రంగా నడిచిన లక్ష్మీ విలాస్ బ్యాంకుపై 2020 నవంబరు 17న మారటోరియం (చెల్లింపులపై తాత్కాలిక ఆంక్షలు) పెట్టారు, నవంబరు 27న అది డీబీఎస్ ఇండియాలో కలిసింది. అప్పటిదాకా మార్కెట్లో ఎంతో కొంత ధర పలికిన షేరు సున్నా అయింది. డిపాజిటర్ల డబ్బు భద్రం, వాటాదారుల పెట్టుబడి మొత్తం రద్దు. కష్టాల్లో ఉన్న బ్యాంకు షేరును "ఎవరో ఒకరు కొంటారు కదా" అని పట్టుకుని కూర్చునేవాళ్లు ఈ పది రోజుల చరిత్ర ఒకసారి చదవాలి.

రెండో అడుగు: స్కీమ్ పత్రంలో ఏం చదవాలి

నోటీసు వందల పేజీలుంటుంది, అదంతా అక్కర్లేదు. స్వాప్ రేషియోను (పాత షేర్లకు ఎన్ని కొత్తవి ఇస్తారన్న నిష్పత్తిని) లెక్కగట్టిన రిజిస్టర్డ్ వాల్యుయర్ నివేదిక, దాని మీద మర్చంట్ బ్యాంకర్ ఇచ్చిన ఫెయిర్‌నెస్ ఒపీనియన్ (ఆ రేషియో న్యాయమేనా అన్న అభిప్రాయం), ఆడిట్ కమిటీ నివేదిక, విలీనం వల్ల ప్రమోటర్లకూ (కంపెనీని స్థాపించి నియంత్రించేవాళ్లకు) మిగతా వాటాదారులకూ ఏమవుతుందో డైరెక్టర్లు రాసిన నివేదిక, ఈ నాలుగూ చాలు. వాల్యుయర్ సాధారణంగా మార్కెట్ ధర, రాబోయే ఆదాయం, ఆస్తుల విలువ అనే మూడు పద్ధతులు వాడి ఒక్కోదానికి ఇంత వెయిటేజీ అని ఇస్తారు. ఆ వెయిటేజీ దగ్గర ఆగండి. లిస్టయిన కంపెనీలో ప్రమోటర్ల సొంత అన్‌లిస్టెడ్ కంపెనీని కలుపుతుంటే, ఆ అన్‌లిస్టెడ్ కంపెనీ భవిష్యత్ ఆదాయాన్ని ఎంత ఆశగా లెక్కేశారో అక్కడే బయటపడుతుంది. వాటాదారులకు అన్యాయం జరిగిందంటే చాలాసార్లు ఈ పేజీలోనే జరిగి ఉంటుందని నా అభిప్రాయం.

తర్వాత తేదీలు చూడండి. అపాయింటెడ్ డేట్ లెక్కల కోసం, అక్కడి నుంచి రెండు కంపెనీల ఖాతాలు ఒకటైనట్టు భావిస్తారు. ఎఫెక్టివ్ డేట్ అంటే విలీనం నిజంగా అమల్లోకి వచ్చే రోజు. రికార్డ్ డేట్ నాడు మీ డీమ్యాట్‌లో ఎన్ని షేర్లున్నాయో వాటికే కొత్తవి వస్తాయి. వీటితోపాటు ముందస్తు షరతుల జాబితా, అన్నీ ఎప్పటిలోగా పూర్తి కావాలన్న చివరి గడువు తప్పక చదవాలి. జీ, సోనీ విలీనాన్ని 2023 ఆగస్టులో ముంబై బెంచి ఆమోదించింది. ట్రిబ్యునల్ ఒప్పుకుంది కదా, ఇక అయిపోయినట్టేనని చాలామంది ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఒప్పందంలోని షరతులు గడువులోగా తీరలేదంటూ 2024 జనవరి 22న సోనీ తప్పుకుంది. మర్నాడు జీ షేరు ఒక్కరోజులో 30 శాతానికి పైగా పడింది.

మూడో అడుగు: హక్కులు వాడుకునే క్రమం

లిస్టెడ్ కంపెనీ అయితే డ్రాఫ్ట్ స్కీమ్ ముందుగా స్టాక్ ఎక్స్ఛేంజీలకు వెళ్తుంది. వాళ్లు దాన్ని వెబ్‌సైట్‌లో పెడతారు, 21 రోజులపాటు వచ్చిన ఫిర్యాదులను కంపెనీ నివేదికగా ఇవ్వాలి. ఈ 21 రోజులను దాదాపు ఎవరూ వాడుకోరు. స్వాప్ రేషియో మీద అనుమానముంటే రాయాల్సింది ఇప్పుడే, కంపెనీకీ ఎక్స్ఛేంజీకీ. మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ తన వ్యాఖ్యలు చెప్పేలోపు వెళ్లిన ఉత్తరానికి ఉన్న బరువు, ఓటింగ్ అయ్యాక రాసిన పది ఉత్తరాలకు ఉండదు. ఆవేశంగా రాయొద్దు. వాల్యుయర్ నివేదికలో ఏ పేజీ, ఏ అంకె, ఎందుకు తప్పనుకుంటున్నారో అంతే రాయండి.

తర్వాత ట్రిబ్యునల్ ఆదేశంతో వాటాదారుల మీటింగ్. కనీసం నెల ముందు నోటీసు వస్తుంది. స్కీమ్ ప్రతి కావాలని అడిగితే కంపెనీ ఒక రోజులో ఉచితంగా ఇవ్వాలి. ఈ-ఓటింగ్ కనీసం మూడు రోజులు తెరిచి ఉంటుంది, మీటింగుకు ముందురోజు సాయంత్రం 5 గంటలకు ముగుస్తుంది. డీమ్యాట్ ఖాతాలను నిర్వహించే ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ లాగిన్‌తో ఫోన్లోనే పని అయిపోతుంది. ఒకసారి వేసిన ఓటు మార్చుకోలేరు. ఇంట్లో అమ్మ పేరిట, నాన్న పేరిట, హెచ్‌యూఎఫ్ (హిందూ అవిభక్త కుటుంబం) పేరిట ఉన్నవి వేర్వేరు ఖాతాలు, వేర్వేరు ఓట్లు. వాళ్ల ఈమెయిల్, మొబైల్ నంబరు డీమ్యాట్‌లో సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి.

స్కీమ్ గెలవాలంటే ఓటేసినవాళ్లలో సంఖ్యాపరంగా సగానికి పైగా ఒప్పుకోవాలి, విలువపరంగా నాలుగింట మూడొంతులు ఒప్పుకోవాలి. "ఓటేసినవాళ్లలో" అన్నది కీలకం. మీరు వేయకపోతే మీ షేర్లు లెక్కలోంచే పోతాయి, వేసినవాళ్ల బరువు పెరుగుతుంది. తలల లెక్కలో పది షేర్లున్నవారూ పది లక్షలున్నవారూ ఒకటే. ప్రమోటర్లకు అదనంగా షేర్లు దక్కే స్కీముల వంటి వాటిలో సెబీ ఇంకో కంచె వేసింది: పబ్లిక్ వాటాదారుల (ప్రమోటర్లు కానివాళ్ల) ఓట్లు విడిగా లెక్కించినప్పుడు అనుకూలం వ్యతిరేకాన్ని మించాలి. ఎలా వేయాలో తేల్చుకోలేకపోతే మ్యూచువల్ ఫండ్లు గతంలో ఇలాంటి స్కీములపై ఎటు ఓటేశాయో, కారణం ఏం రాశాయో వాటి సైట్లలో చూడండి. ఓటు, కారణం బయటపెట్టడం వాటికి తప్పనిసరి.

ఓటింగ్ ముగిశాక దారి ఇరుకవుతుంది. ట్రిబ్యునల్ ముందు స్కీమ్‌ను వ్యతిరేకించాలంటే కనీసం 10 శాతం వాటా, లేదా అప్పులిచ్చినవాళ్లయితే మొత్తం బకాయిల్లో 5 శాతం ఉండాలని 230(4) చెబుతుంది. దీని పదును ఐసీఐసీఐ సెక్యూరిటీస్ విషయంలో తెలిసింది. 100 షేర్లకు 67 ఐసీఐసీఐ బ్యాంకు షేర్లిచ్చి దాన్ని డీలిస్ట్ చేసే (ఎక్స్ఛేంజీల నుంచి తప్పించే) స్కీమ్‌కు 2024 మార్చిలో పబ్లిక్ వాటాదారులు విలువలో దాదాపు 72 శాతం ఓట్లతో ఒప్పుకున్నారు. ధర తక్కువన్న క్వాంటమ్ మ్యూచువల్ ఫండ్ తదితరుల అభ్యంతరాలను ముంబై బెంచి ఆగస్టులో కొట్టేసింది, 2025 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కూడా అదే మాట చెప్పింది. స్వాప్ రేషియో ఇంకొంచెం మెరుగ్గా ఉండొచ్చన్న వాదనను కోర్టులు మొదటినుంచీ పట్టించుకోవు. సమాచారం పూర్తిగా ఇచ్చారా, ఓటింగ్ సక్రమంగా జరిగిందా, చట్టం ఎక్కడైనా తప్పారా అన్నవే చూస్తామని 1996లో మిహీర్ మఫత్‌లాల్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వాటాదారుల వ్యాపార నిర్ణయం మీద అప్పీలు విన్నట్టు వినబోమని కూడా చెప్పింది.

10 శాతం లేనివాళ్లకు ఒక పక్కదారి మిగిలే ఉంది. స్కీమ్ నోటీసు కేంద్ర ప్రభుత్వం తరఫున రీజినల్ డైరెక్టర్‌కూ, ఆదాయపన్ను శాఖకూ, సెబీకీ, అవసరమైతే రిజర్వు బ్యాంకుకూ, కాంపిటీషన్ కమిషన్‌కూ వెళ్తుంది. వాళ్లు 30 రోజుల్లో తమ అభిప్రాయం చెప్పాలి. వాళ్ల మాటకు 10 శాతం పరిమితి లేదు. మీ దగ్గర గట్టి ఆధారముంటే, తమిళనాడు కంపెనీ అయితే చెన్నైలోని రీజినల్ డైరెక్టర్ కార్యాలయానికి ఈ 30 రోజుల్లోపు చేర్చండి. ట్రిబ్యునల్ తీర్పు వచ్చాక అప్పీలుకు 45 రోజులు, సరైన కారణం చూపిస్తే మరో 45. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, తెలంగాణ, కర్ణాటక, కేరళ బెంచీల మీద అప్పీళ్లు 2021 నుంచి చెన్నైలోని అప్పిలేట్ బెంచిలోనే వింటున్నారు. మునుపటిలా ఢిల్లీ దాకా పోనక్కర్లేదు.

నాలుగో అడుగు: ఓపెన్ ఆఫర్ లెక్క

విలీనం కాకుండా ఎవరైనా లిస్టెడ్ కంపెనీలో 25 శాతం, ఆపైన వాటా లేదా నియంత్రణ చేజిక్కించుకుంటే, సెబీ 2011 టేకోవర్ నిబంధనల ప్రకారం మిగతా వాటాదారుల నుంచి కనీసం 26 శాతం కొంటామని ఓపెన్ ఆఫర్ ఇవ్వాలి. 2024 జూలైలో అల్ట్రాటెక్ మన ఇండియా సిమెంట్స్‌లో ప్రమోటర్లు, వారి అనుబంధుల నుంచి 32.72 శాతం షేరుకు రూ.390 చొప్పున కొంటున్నట్టు ప్రకటించింది. అదే ధరకు 26 శాతానికి ఓపెన్ ఆఫర్ ఇచ్చింది. ప్రమోటర్‌కు దక్కే ధర చిన్నవాళ్లకూ దక్కాలన్నది ఈ చట్టం ప్రాణం.

ఇక్కడ ఆర్బిట్రేజ్ చేయబోయే వాళ్లు ఎక్కువగా బోర్లాపడేది యాక్సెప్టెన్స్ రేషియో (ఇచ్చిన షేర్లలో ఎంత భాగం తీసుకుంటారన్నది) దగ్గర. లెక్క కోసం ఊహించుకుందాం: ఆఫర్ ధర రూ.400, మార్కెట్ ధర రూ.380, పబ్లిక్ చేతిలో 60 శాతం షేర్లు. మీరు రూ.380కి 1,000 కొన్నారు. అందరూ టెండర్ చేస్తే (ఆఫర్‌లో అమ్మకానికి ఇస్తే) 60లో 26 మాత్రమే తీసుకుంటారు, అంటే 43.3 శాతం. మీవి 433 షేర్లు రూ.400కి అమ్ముడై రూ.1,73,200 వస్తుంది. మిగతా 567 షేర్లు తిరిగొస్తాయి. ఆఫర్ ముగిశాక ధర రూ.340కి జారితే వాటి విలువ రూ.1,92,780. మొత్తం రూ.3,65,980, మీరు పెట్టింది రూ.3,80,000. షేరుకు రూ.20 లాభం వస్తుందని దిగితే రూ.14,020 నష్టం మిగిలింది. ఆఫర్ తర్వాత ధర దాదాపు రూ.365 కన్నా పైన నిలిస్తేనే అసలు దక్కుతుంది. కాబట్టి అడగాల్సిన ప్రశ్న "ఆఫర్ ధర ఎంత" కాదు, "ఆఫర్ అయ్యాక ఈ కంపెనీ షేరు నా దగ్గర మిగిలితే నాకు ఇష్టమేనా" అన్నది. బైబ్యాక్‌లో (కంపెనీ తన షేర్లను తానే కొనడం) చిన్న మదుపరులకు విడిగా 15 శాతం కోటా ఉంటుంది, ఓపెన్ ఆఫర్‌లో అది లేదు. రెంటినీ కలిపి లెక్కేసే పొరపాటు తరచూ చూస్తుంటాను.

టెండర్ గడువు 10 పని దినాలు. ఒకసారి టెండర్ చేశాక వెనక్కి తీసుకోలేరు, అందుకని మొదటి రోజే తొందరపడొద్దు. స్వతంత్ర డైరెక్టర్ల కమిటీ ఈ ధర సమంజసమేనా అని తన సిఫార్సును ముందే ప్రకటిస్తుంది, అది చదివాకే నిర్ణయించుకోండి.

ఐదో అడుగు: విలీన ఆర్బిట్రేజ్

కలుపుకునే కంపెనీ షేరు రూ.100, స్వాప్ రేషియో 100కు 150 అనుకోండి. కలిసిపోయే కంపెనీ షేరు విలువ రూ.150 ఉండాలి. కానీ మార్కెట్లో రూ.144కే దొరుకుతోంది. ఈ రూ.6 తేడాయే స్ప్రెడ్, అంటే 4.17 శాతం. తొమ్మిది నెలల్లో అయిపోతే ఏడాదికి 5.6 శాతం. ఐడీఎఫ్‌సీలా పదిహేను నెలలు పడితే 3.3 శాతం. బ్యాంకు ఎఫ్‌డీతో పోల్చి చూసుకోండి.

ఆ రూ.6 ఊరికే రావు, డీల్ విరిగిపోయే ప్రమాదాన్ని మోసినందుకు మార్కెట్ ఇచ్చే కూలి అవి. ప్రకటనకు ముందు ఆ షేరు రూ.120 ఉందనుకుంటే, డీల్ విరిగినప్పుడు రూ.24 పోతాయి. వస్తే 6, పోతే 24. ఇలాంటి ఐదు డీళ్లలో నాలుగు పూర్తయితేనే అసలు నిలుస్తుంది. కాబట్టి మీ నమ్మకం 80 శాతం కన్నా బాగా ఎక్కువ ఉండాలి, ఆ నమ్మకం రెండో అడుగులో చదివిన షరతుల నుంచి రావాలి. ఏ అనుమతి మిగిలింది, ఎవరు అడ్డుపడగలరు, చివరి గడువు ఎప్పుడు? ఇవి చెప్పలేకపోతే ఆ స్ప్రెడ్ మీకోసం కాదు.

పైగా కలుపుకునే కంపెనీ షేరు పడితే రూ.150 కూడా నిలవదు. దీనికి విరుగుడుగా దాని ఫ్యూచర్స్ (రాబోయే తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ఒప్పందాలు) అమ్ముతారు. క్యాష్ మార్కెట్లో షార్ట్ చేస్తే (చేతిలో లేని షేరు అమ్మితే) ఆ రోజే కొనేయాలి గనుక మామూలు మదుపరికి ఫ్యూచర్సే దిక్కు. లాట్ (ఒక ఫ్యూచర్స్ ఒప్పందం పరిమాణం) 6,000 షేర్లయితే, 150 నిష్పత్తికి సరిపడా 4,000 షేర్లు కొనాలి, అంటే రూ.5.76 లక్షలు. అంతా సాఫీగా జరిగితే వచ్చేది ఖర్చులు పోక ముందు రూ.24,000. ఇప్పుడు కలుపుకునే షేరు రూ.120కి ఎగబాకితే ఫ్యూచర్స్‌లో రూ.1,20,000 నష్టం, అది ఏ రోజుది ఆ రోజే మీ ఖాతాలోంచి నగదుగా పోతుంది. కొన్న షేర్లూ పెరుగుతాయి, నిజమే. కానీ ఆ లాభం కాగితం మీదే ఉంటుంది. చేతిలో నగదు లేకపోతే బ్రోకర్ మీ ఫ్యూచర్స్ ఒప్పందాన్ని మూసేస్తాడు. డీల్ విరిగిన రోజున ఒక్కోసారి కలుపుకునే షేరు పెరిగి, కలిసిపోయే షేరు పడుతుంది. అప్పుడు రెండు చేతులూ కాలతాయి. స్టాక్ ఫ్యూచర్స్ గడువు రోజున షేర్ల డెలివరీయే తప్పదు, అందువల్ల నెలనెలా రోల్‌ఓవర్ (ఒప్పందాన్ని తర్వాతి నెలకు మార్చుకోవడం) ఖర్చూ లెక్కేసుకోవాలి. రికార్డ్ డేట్ తర్వాత పాత షేరు ట్రేడింగ్ ఆగిపోయి, కొత్తవి ఖాతాలో పడేదాకా కొన్ని రోజులు మీ చేతిలో అమ్మడానికి ఏమీ ఉండదు.

పన్ను దగ్గరా చిక్కుంది. ఫ్యూచర్స్ లాభనష్టాలు వ్యాపార ఆదాయం, షేర్లవి మూలధన లాభం. కలుపుకునే షేరు పడితే ఫ్యూచర్స్ లాభానికి ఈ ఏడాదే పన్ను కట్టాలి, షేర్ల మీద వచ్చిన మూలధన నష్టాన్ని దానితో సర్దుకోలేరు. నాలుగు శాతం స్ప్రెడ్‌ను ఈ ఒక్క తేడాయే మింగేయగలదు. ఆడిటర్‌తో మాట్లాడకుండా హెడ్జ్ (ఇలా ఫ్యూచర్స్ అమ్మి కాపు వేసుకోవడం) మొదలుపెట్టొద్దని గట్టిగా చెబుతాను.

ఇంకో మాట. చెన్నైలో మనవాళ్లు చాలామంది ఐటీ కంపెనీల్లో, బ్యాంకుల్లో, ఆడిట్ ఫర్మ్‌ల్లో ఉన్నారు. విలీనం బయటికి రాకముందే పని మీద మీకు తెలిస్తే, ఆ షేరు మీరు కొనకూడదు, బావమరిదికి చెప్పకూడదు, వాట్సాప్‌లో సూచనగా కూడా పెట్టకూడదు. సెబీ జరిమానా కనీసం రూ.10 లక్షలు, గరిష్ఠంగా రూ.25 కోట్లు లేదా లాభానికి మూడింతలు, ఏది ఎక్కువైతే అది. చెప్పినవాళ్లూ విన్నవాళ్లూ ఇద్దరూ దోషులే.

ఆరో అడుగు: షేర్లు మారాక

కొత్త షేర్లు పడగానే మూడు విషయాలు సరిచూసుకోండి. రేషియో ప్రకారం సంఖ్య సరిపోయిందా? 37 ఐడీఎఫ్‌సీ షేర్లుంటే 57.35 వస్తుంది. 57 షేర్లు డీమ్యాట్‌లోకి, 0.35 సంగతి స్కీమ్‌లో రాసినట్టు. చాలా స్కీముల్లో ఇలాంటి భిన్నాలన్నీ పోగుచేసి మార్కెట్లో అమ్మి, నగదు మీ బ్యాంకు ఖాతాకు పంపుతారు. రెండోది కొనుగోలు ధర. పాత కంపెనీ షేర్లు 100 రూ.12,000కు కొని, వాటికి 155 వస్తే కొత్త షేరు ఒక్కోదాని ధర రూ.77.42 అవుతుంది. భారతీయ కంపెనీల మధ్య ఇలాంటి షేర్ల మార్పిడిని పన్ను చట్టం అమ్మకంగా చూడదు. పాత ధరా, పాత కొనుగోలు తేదీ కొనసాగుతాయి. బ్రోకర్ యాప్‌లో కొన్నిసార్లు కొత్త తేదీ, సున్నా ధర కనిపిస్తాయి. దాన్ని సరిదిద్దించకుండా అమ్మితే పన్ను తప్పుగా పడుతుంది.

మూడోది పెద్దల బీరువా. సెకండ్ లైన్ బీచ్‌లో మద్రాసు స్టాక్ ఎక్స్ఛేంజీ నడిచిన రోజుల్లో కొన్న కాగితం సర్టిఫికెట్లు షావుకారుపేట నుంచి టీ.నగర్ దాకా ఎన్నో ఇళ్లలో ఇంకా ఉన్నాయి. కంపెనీ పేరు రెండుసార్లు మారినా, రెండు విలీనాలు జరిగినా ఆ హక్కు చచ్చిపోదు. సర్టిఫికెట్ మీది పేరుతో ప్రస్తుత కంపెనీ ఏదో వెతికి, దాని రిజిస్ట్రార్‌కు (షేర్ల రికార్డులు చూసే సంస్థ) ఐఎస్‌ఆర్-1 ఫారంతో కేవైసీ పూర్తిచేయండి. వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు (ఐఈపీఎఫ్) వెళ్లి ఉంటాయి, ఐఈపీఎఫ్-5 ఫారంతో వాటిని తిరిగి అడగొచ్చు. పెద్దవాళ్లు ఉండగానే సంతకాలు సరిచేయించుకుంటే వారసత్వ పత్రాల తిప్పలు తప్పుతాయి.